అంతా మామూలే... ఏదో తేడా!

రాత్రి రెండు గంటలైంది. చాచిన కాళ్ళ మీద ఇరవై రోజుల మనవడు నిద్రపోతున్నాడు. నా చేతిలో పలకంత ఆట పెట్టె. దాని తెర మీద తెల్లటి టైల్సు గోడల మధ్య పొడుగాటి సబ్‌వే దారి. పైన ట్యూబులైట్లు. ఎదురుగా తెల్లచొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఒకాయన, ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని టకటకా నడిచొస్తున్నాడు. నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. అంతే. అరిచింది లేదు, మీద పడింది లేదు. అయినా నా అరచేతులు చెమట పట్టి పెట్టె జారిపోతోంది. ఎందుకంటే, ఇందాక వచ్చిన మనిషి నవ్వలేదు. ఇప్పుడొచ్చినవాడు నవ్వుతున్నాడు!

'అరవై ఏళ్ళు దాటాక వీడియో గేములేమిటండీ' అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. మొదట నేనూ అలాగే నవ్వాను.

తెనాలిలో ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఆదివారం పేపర్లో 'ఈ రెండు బొమ్మల్లో తేడాలు కనిపెట్టండి' అని వేస్తారు చూడండి, కాఫీ చల్లారేలోపు దాని పని పట్టేసేదాన్ని. బోర్డు వైపు తిరిగి ఉండి కూడా వెనక బెంచీలో ఎవరు ఎవరి నోట్సు చూసి రాస్తున్నారో చెప్పేదాన్ని. నా కన్ను తప్పించుకునేది ఏదీ లేదని నాకో గర్వం. ఆ గర్వం ఏమైందో తర్వాత చెబుతాను.

2024 అక్టోబరులో మా అమ్మాయి పురిటికి టోక్యో వెళ్ళాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరివీ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు. నిషికసాయ్ అనే పేటలో కాపురం. కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్ళిన మనవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆనవాయితీ జపాన్ వాళ్ళకీ ఉంది తెలుసా? 'సతొగయెరి' అంటారు. మా అమ్మాయి రాలేని పరిస్థితి కాబట్టి పుట్టిల్లే పెట్టెల్లో సర్దుకుని బయల్దేరింది. సొంఠి, వాము, కాయం, వెల్లుల్లి కారం, మెత్తబడిన పాత నూలుచీరలు.

రాత్రి కాపలా నాది. అమ్మాయి పాలిచ్చి పడుకుంటే, బాబుని కాళ్ళ మీద వేసుకుని నేను కూర్చునేదాన్ని. టీవీ పెడితే అందరికీ మెలకువ వస్తుంది. పుస్తకం చదువుదామంటే లైటు వెయ్యకూడదు. నా అవస్థ చూసి అల్లుడే ఆ పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. "అత్తయ్యగారూ, ఇందులో కొట్టుకోవడాలు, కాల్చుకోవడాలు ఉండవు. నడవడమే. మీకు సరిగ్గా సరిపోతుంది, చూడండి" అన్నాడు. భయపెట్టే ఆట అని మాత్రం చెప్పలేదు మహానుభావుడు!

దాని పేరు 'ది ఎగ్జిట్ 8'. జపనీసులో 'హచిబాన్ దెగుచి', అంటే ఎనిమిదో నంబరు బయటిదారి. పెద్ద కంపెనీ వాళ్ళు చేసింది కాదు. 'కొటాకే క్రియేట్' అన్న పేరుతో ఒక్కరే కూర్చుని తయారుచేసుకున్న ఆట. 2023 నవంబరులో కంప్యూటర్లకు, 2024లో నింటెండో స్విచ్ పెట్టెకు వచ్చింది. ఖరీదు ఐదు వందల యెన్ల లోపే, మన డబ్బుల్లో మూడొందలు ఉండదు. అలాంటిది పది లక్షల కాపీల పైనే అమ్ముడుపోయిందంటే ఏముందో అందులో అనుకుంటారు. చెప్పుకోవడానికైతే ఏమీ లేదు. ఒక్క దారి, ఒక్క మనిషి.

రూలు చూస్తే నాలుగు ముక్కలు

సబ్‌వేలో దారి తప్పి తిరుగుతున్నారనుకోండి. ఆ మనిషి మీరే. దారి మలుపు తిరిగితే మళ్ళీ అదే దారి వస్తుంది. ఒక గోడ నిండా పోస్టర్లు, రెండో గోడకు తలుపులు, గాలి వచ్చే జాలీలు. నేల మీద చూపులేని వాళ్ళ కోసం పరిచిన పసుపు పలకలు. పైన పసుపు బోర్డు వేలాడుతూ ఉంటుంది. గోడ మీద ఒక నోటీసు. ఏ తేడానీ వదలకు. తేడా కనిపిస్తే వెంటనే వెనక్కి తిరుగు. కనిపించకపోతే వెనక్కి తిరగకు. ఎనిమిదో నంబరు దారిలోంచి బయటికి పో. ఇంతే.

మొదట సున్నా దగ్గర ఉంటాం. మొదటిసారి దారంతా మామూలుగా ఉంటుంది, బాగా గుర్తుపెట్టుకోవాలి. తర్వాత నుంచి ప్రతిసారీ నిర్ణయం మనదే. తేడా ఉండి వెనక్కి తిరిగితే ఒక నంబరు పెరుగుతుంది. తేడా లేక ముందుకు సాగినా ఒక నంబరు పెరుగుతుంది. తప్పు చేశామా, ఏడులో ఉన్నా సరే మళ్ళీ సున్నా. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టే. కాకపోతే అక్కడ పాము ఏ గడిలో ఉందో కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ పాము ఉందో లేదో మనమే చెప్పాలి.

నాకు ముందు నడక రావాలిగా! ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో తల తిప్పాలి. మొదటి రాత్రి గోడకు ముఖం పెట్టి నిలబడిపోయాను. రెండో రాత్రి కప్పు చూస్తూ నడిచాను. మూడో రాత్రికి కాస్త చేతికొచ్చింది. ఆ రాత్రే దీపాలన్నీ టపీమని ఆరిపోయాయి. నేను ఉలిక్కిపడటం, బాబు లేవడం, వాణ్ణి చూసి అమ్మాయి లేవడం... ఇంక చెప్పొద్దు.

తేడాలు రకరకాలుగా ఉంటాయి. కొన్ని చిన్నపిల్లలు కూడా పట్టేసేవి. దారి అవతల చివర నుంచి ఎర్రటి నీళ్ళు వరదలా వచ్చి పడతాయి. అవతల ఇద్దరు కవలల్లాంటి వాళ్ళు పక్కపక్కన కదలకుండా నిలబడి ఉంటారు. అవి చూసి వెనక్కి పరుగెత్తడానికి తెలివితేటలు అక్కర్లేదు, కాళ్ళుంటే చాలు. కొన్ని మాత్రం దొంగచాటువి. తలుపుకి పిడి ఓ పక్కన ఉండాల్సింది, నడిమధ్యలో ఉంటుంది. పోస్టర్లో బొమ్మ కళ్ళు మనం నడిచినకొద్దీ మన వెంటే తిరుగుతుంటాయి. పోస్టర్లు మనం చూస్తుండగానే మెల్లగా పెద్దవవుతాయి. కప్పు మీద తడి మరక, తేరిపార చూస్తే మనిషి ముఖంలా ఉంటుంది. తలుపు కొంచెం తెరుచుకుని అందులోంచి ఎవరో తొంగి చూస్తుంటారు. ఒకడైతే టైల్సు రంగు ఒళ్ళంతా పులుముకుని గోడలో కలిసిపోయి నిలబడి ఉంటాడు. వాడు గోడ విడిచి కదిలిన రోజు నేను కళ్ళు మూసుకుని పెట్టెను దిండు కింద దాచేశాను. ఆ దిండు మీద అరగంట తల పెట్టలేదు.

ఇలాంటివి ముప్ఫై దాకా ఉంటాయి. తెలిసినవాళ్ళు పావుగంటలోనో గంటలోనో ఆట ముగించేస్తారట. నాకు ఇరవై రాత్రులు దాటింది. లెక్కల టీచర్ని!

మర్నాడు అసలు సబ్‌వేలో

బాబుకి దుప్పట్లు కొనడానికి అల్లుడితో కలిసి వెళ్తూ ఒతెమాచి స్టేషన్లో రైలు మారాం. భూమి లోపల ఆ దారులు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. అవే తెల్ల గోడలు, అవే పసుపు బోర్డులు, ఎటు చూసినా ఏ1, బీ3, సీ5 అంటూ నంబర్ల దారులు. ఎదురుగా తెల్లచొక్కాలో ఒకాయన ఫోను చూసుకుంటూ నడిచొస్తున్నాడు. "అత్తయ్యగారూ, ఆయన మామూలు మనిషే, రండి" అని అల్లుడు నవ్వాడు. జపాన్ సబ్‌వే దారులను చూసే ఈ ఆట పుట్టిందని దాన్ని చేసినవారే చెప్పుకున్నారు. అక్కడివాళ్ళు రోజూ తొక్కే దారినే తెచ్చి తెర మీద పెట్టడంలో ఉంది ఆ భయమంతా. పాడుబడ్డ బంగళా అయితే మనం ముందే జాగ్రత్తపడతాం. రోజూ నడిచే దారిలో ఎవరు జాగ్రత్తపడతారు?

నేల మీద ఆ పసుపు పలకలు కూడా జపాన్ వాళ్ళ బుద్ధే. సెయిచీ మియాకే అనే ఆయన కనిపెడితే, 1967లో ఒకయామా ఊళ్ళో మొదటిసారి రోడ్డు మీద పరిచారు. ఇప్పుడు మన మెట్రో స్టేషన్లలోనూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని అలంకారం అనుకుని తొక్కుకుంటూ పోయినదాన్ని నేను.

నిషికసాయ్ ప్లాట్‌ఫారం మీద ఇంకో వింత చూశాను. రైల్వే ఉద్యోగి తెల్ల గ్లౌజు తొడుక్కున్న వేలు చాపి, సిగ్నల్ వైపు చూపించి పైకి గట్టిగా ఏదో అంటున్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తనే. 'షిసా కంకో' అంటారట. చూడటమే కాదు, వేలితో చూపించి, నోటితో చెప్పి, చెవితో విని మరీ ఖాయం చేసుకోవడం. వందేళ్ళ పైనుంచీ ఉన్న అలవాటు. వాళ్ళ రైల్వే పరిశోధన సంస్థ పరీక్ష పెట్టి చూస్తే, వంద పనులకు 2.38 పొరపాట్లు జరిగేచోట ఇలా చేసినప్పుడు 0.38కి దిగాయట. గ్యాస్ కట్టేశామా లేదా అని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చే మనలాంటి వాళ్ళకి ఎంత పనికొచ్చే పద్ధతి!

ఆ రాత్రి నుంచి నేనూ మొదలుపెట్టాను. వేలు చాపి, "లైట్లు సరే. తలుపు ఒకటి సరే. జాలీ సరే. పెద్దమనిషి సరే" అని గొణుక్కుంటూ నడిచేదాన్ని. మంచం మీంచి అమ్మాయి చూస్తోంది. ఇంకెప్పుడైనా అయితే పొట్ట పట్టుకుని నవ్వేది, నన్ను అనుకరించి వాళ్ళాయనకి చూపించేది కూడా. "మెల్లగా అమ్మా, వాడు లేస్తాడు" అని అటు తిరిగి పడుకుంది.

ఏ తేడా లేదని చెప్పడమే కష్టం

నాలుగైదు నంబర్లు దాటాక తెలిసింది ఈ ఆట కిటుకు. దెయ్యాలను కనిపెట్టడం కాదు కష్టం. ఏమీ లేనప్పుడు 'ఏమీ లేదు' అని ధైర్యంగా ముందుకు అడుగెయ్యడం కష్టం. ఒకసారి భయం పట్టుకుందంటే ఉన్నవి కూడా లేనట్టు, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ మనిషి జుట్టు ఇందాక ఇంతేనా? ఆ పోస్టరు ఇక్కడేనా ఉంది? అనవసరంగా వెనక్కి తిరిగి ఎన్నిసార్లు సున్నాలో పడ్డానో. ఆ ఉక్రోషంతో మళ్ళీ 'ఏమీ ఉండదులే' అని విసురుగా నడిచి, మధ్యలో ఉన్న తలుపు పిడిని వదిలేసి ఇంకోసారి సున్నా.

మన కంటికి అంత సీన్ లేదని శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. అమెరికాలో సైమన్స్, లెవిన్ అనే ఇద్దరు 1998లో ఒక పరీక్ష ప్రచురించారు. ఒకాయన దారినపోయే వాళ్ళని అడ్రసు అడుగుతాడు. వాళ్ళు చెబుతుండగా ఇద్దరు పనివాళ్ళు పెద్ద తలుపు మోసుకుంటూ మధ్యలోంచి పోతారు. ఆ తలుపు చాటున అడ్రసు అడిగిన మనిషి మారిపోతాడు. వేరే మనిషి, వేరే గొంతు. అయినా సగం మంది దాకా గమనించకుండా అడ్రసు చెప్పుకుంటూ పోయారు! మనిషి ఉన్నాడని చూస్తాం గానీ ఏ మనిషో చూడం.

నిజానికి ఆడవాళ్ళకి ఈ ఆట కొత్తేమీ కాదు. చీకటి పడ్డాక సందు మలుపులో రోజూ వెలిగే లైటు వెలగకపోయినా, లిఫ్టులో ఉన్నవాడు ఏ అంతస్తు బటనూ నొక్కకపోయినా మన కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. టోక్యోలాంటి ఊళ్ళోనే కెయో రైలు లైనులో 2000 డిసెంబరులో ఆడవాళ్ళకి విడిగా పెట్టె పెట్టి చూసి, 2001లో ఖాయం చేశారంటే అక్కడి ఆడపిల్లల సంగతీ మనలాంటిదే. కాకపోతే మనం ఆగితే 'నీదంతా భ్రమ' అనేవాళ్ళు ఉంటారు పక్కన. ఆటలో ఆ గొడవ లేదు. తేడా అనిపిస్తే తిరిగిపో, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నాకు బాగా నచ్చింది అదే.

అంతలా నచ్చిన రూలు నేను ఇంట్లో పాటించానా? అదీ అసలు సంగతి.

బాబుకి నెల దాటి వారమైంది. ఆ రాత్రి ఆరో నంబరు దాకా వచ్చాను. ఊపిరి బిగపట్టి నడుస్తున్నాను. లైట్లు సరే, పోస్టర్లు సరే... ముందుకు అడుగేస్తుంటే వెనక నుంచి అమ్మాయి గొంతు. "అమ్మా, ఆగు. రెండో తలుపు పిడి మధ్యలో ఉంది. వెనక్కి వెళ్ళు."

అది పడుకుందనుకున్నాను. కళ్ళు విప్పార్చుకుని చీకట్లో తెర వైపే చూస్తోంది. "ఇంకా నిద్రపోలేదా తల్లీ" అన్నాను. జవాబు చెప్పకుండా కాసేపాగి అంది. "నేనూ అలాగే ఉన్నానమ్మా. గోడలు, తలుపులు, లైట్లు... అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఏదో ఒకటి మాత్రం తప్పుగా ఉంది. ఏంటో నాకు దొరకట్లేదు."

నేను ఆట ఆపేశాను. వెనక్కి తిరిగానో, ముందుకు పోయానో గుర్తులేదు.

దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెన్ను రాస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బాబు నిద్రపోయినా అది నిద్రపోవట్లేదు. వంట చేస్తుంటే 'ఏం కూరమ్మా' అని వాసన చూసుకుంటూ వచ్చే పిల్ల, ఎదురుగా కంచం పెట్టినా ఏం కూరో చూడకుండా తింటోంది. వాడి చొక్కాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. 'వీడికి నాకంటే నువ్వే నయంలే' అని మూడుసార్లు అంది. మూడుసార్లూ నేను నవ్వాను. అన్నీ చూశాను. చూడలేదని ఎలా అంటాను? చూసి, 'బాలింత నీరసం, అదే పోతుంది' అని ముందుకు నడిచాను. ఫోన్లో మా ఆడపడుచు "మనమంతా కనలేదా వదినా, ఈ కాలం పిల్లలకి ప్రతిదీ పెద్ద సంగతే" అంటే ఊఁ కొట్టాను కూడా.

దాన్ని పడుకోబెట్టి నా ఫోను తీశాను. ఆగస్టులో నిషికసాయ్ స్నేహితులు చేసిన శ్రీమంతం ఫోటో, ఇరవై ఒకటో రోజు బారసాల ఫోటో. అదే ఆకుపచ్చ పట్టుచీర, అదే కుర్చీ, అదే గోడ. రెండింట్లోనూ పళ్ళు కనిపించేలా నవ్వుతోంది. ఆదివారం పేపర్లో బొమ్మల్లా పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండో దాంట్లో కళ్ళు నవ్వట్లేదు. ఆ ఫోటో మా చుట్టాలందరికీ పంపించింది నేనే.

తెల్లారగానే అల్లుడికి చెప్పాను. "అవునత్తయ్యగారూ, నాకూ అనిపించింది. మీరు పెద్దవాళ్ళు, మీరేమీ అనట్లేదు కదా, మామూలేనేమో అనుకున్నాను" అన్నాడు. అతను నన్ను చూసి, నేను మా ఆడపడుచుని చూసి... అందరం ఒకర్ని చూసి ఒకరం ముందుకే నడుస్తున్నామన్నమాట.

జపాన్‌లో ప్రతి గర్భిణికీ తల్లీబిడ్డల పుస్తకం ఒకటి ఇస్తారు. 'బోషి టెచో' అంటారు, 1948 నుంచీ ఉంది. టీకాలు, బరువులు అన్నీ అందులోనే. బిడ్డకి నాలుగు నెలలు నిండేలోగా ఆరోగ్య కార్యకర్త ఇంటికే వచ్చి చూసే ఏర్పాటు కూడా ఉంది. అల్లుడు ఫోను చేస్తే ఆ వారంలోనే ఒకావిడ వచ్చింది. నా వయసుదే. బాబుని తూచింది, నేను కాచిన సొంఠి కాఫీ తాగింది. తర్వాత అమ్మాయి చేతికి ఒక కాగితం ఇచ్చింది. పది ప్రశ్నలు. గత ఏడు రోజుల్లో నవ్వు వచ్చిందా, కారణం లేకుండా భయం వేసిందా, నిద్ర పట్టిందా... ఇలాగ. స్కాట్లండులో తయారై 1987లో ప్రచురించిన ఈ పద్ధతిని ఎడిన్‌బరా స్కేలు అంటారు. చాలా దేశాల్లో వాడుతున్నారు. నెల పరీక్షకు వెళ్ళినప్పుడూ అమ్మాయికి ఇదే కాగితం ఇచ్చారట. అన్నిటికీ 'బాగానే ఉన్నాను' అని టిక్కులు పెట్టి వచ్చిందట. "ఎందుకే" అంటే, "సున్నాకి పోతానేమోనని భయమేసిందమ్మా" అంది.

ఈసారి నిజం రాసింది. పదో ప్రశ్నకు ఏం రాసిందో ఆ ఆరోగ్య కార్యకర్త నాకు చెప్పలేదు. అమ్మాయి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది, అంతే. నాకు అర్థమైంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

కాన్పు తర్వాత మొదటి కొద్ది రోజులు ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో అది తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది నీరసం కాదు, జబ్బు. పురుళ్ళు పోసుకున్న వంద మందిలో పది మందికి పైగా వస్తుందట. దానికి వైద్యం ఉంది. పాలిచ్చే తల్లులకు పనికొచ్చే మందులూ ఉన్నాయి. ఈ మాట ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసిన నాకు అరవై ఒకటో ఏట తెలిసింది. మన దగ్గర ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ అని 2022 నుంచీ ఫోను సాయం ఉంది, 14416కి చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి వారానికోసారి వెళ్ళాం. అల్లుడు సెలవు పెట్టాడు. అక్కడ తండ్రికీ బిడ్డని చూసుకోవడానికి సెలవు ఉంటుంది, ఇతను ప్రాజెక్టు ప్రాజెక్టంటూ వాడుకోలేదు. ఒక్కరోజులో ఏమీ మారిపోలేదు. డిసెంబరు రెండో వారంలో ఒకరోజు దొండకాయ వేపుడు వాసనకి లేచి వచ్చి "మాడుతోందమ్మా" అంది. మాడిందని అంత సంతోషించడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆట మళ్ళీ మొదలుపెట్టింది కూడా అదే. "నీకు కళ్ళు చాలవు, నాకు వేళ్ళు కదలవు. ఇద్దరం ఆడదాం" అంది. నేను నడపడం, అది చూడటం. పెద్దమనిషి సరే. జాలీ సరే. ఐదు దగ్గర నేను "ఏదో తేడాగా ఉందే" అంటే, "ఏం లేదమ్మా, నీ కంగారు. పద" అంది. పదమంటే పదిసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్ళాను. ఆరు పడింది. ఏడు పడింది. ఏడులో ఆ పెద్దమనిషి మామూలుగానే వచ్చాడు గానీ, పక్కనుంచి పోయాక నా వెనకే వేగంగా వస్తున్న చప్పుడు. ఇద్దరం ఒకేసారి అరిచాం, "తిరుగు!" బాబు లేచి కూర్చునే వయసు కాదు కాబట్టి సరిపోయింది, పడుకునే ఏడ్చాడు. ఎనిమిదో నంబరు వచ్చాక మెట్లున్నాయి. పైన వెలుతురు. ఎక్కి బయటికి వెళ్ళగానే ఆట అయిపోయింది. పాట లేదు, బహుమతి లేదు. "ఇంతేనా?" అన్నాను. "ఇంతేనమ్మా. బయటపడ్డామంటే బయటపడ్డట్టే" అంది.

2025 జనవరిలో నేను తెనాలి వచ్చేశాను. ఆ ఏడాది మే నెలలో ఈ ఆట కథతో తీసిన సినిమాని కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో చూపించారు. గెంకి కవమురా దర్శకుడు, కజునారి నినొమియా హీరో. ఆగస్టు 29న జపాన్‌లో విడుదలైంది. అమ్మాయి బాబుని వాళ్ళాయనకి అప్పజెప్పి, ఒక్కతే వెళ్ళి చూసొచ్చింది. సినిమా కంటే ఆ 'ఒక్కతే' అన్న మాటే నాకు ఎక్కువ నచ్చింది. సినిమాలో తప్పిపోయినవాడికి, తను తండ్రి కాబోతున్నాడన్న కబురు అందుతుందట. "బాగుందమ్మా, కానీ ఆటలో ఉన్న భయం వేరు. సినిమాలో ఎవరో నడుస్తారు, ఆటలో మనం నడవాలి" అంది. ఇదే మనిషి చేసిన రెండో ఆట, రైలు పెట్టెలో జరిగేది 'ప్లాట్‌ఫారం 8' అని 2024లోనే వచ్చింది, కొని పంపనా అని అడుగుతున్నాడు అల్లుడు. ముందు నా కంటి శుక్లాల ఆపరేషను కానివ్వండి బాబూ అన్నాను.

రోజూ రాత్రి తొమ్మిదింటికి నేను పడుకోకుండా వీడియో కాల్ కోసం చూస్తాను. వాళ్ళకప్పుడు అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి వారం మధ్యలో కుదరదు, శనివారం సాయంత్రాలే. ముందు దాని కళ్ళు చూస్తాను. జుట్టు చూస్తాను. వెనక గోడ, మంచం మీద బట్టలు చూస్తాను. ఎంత మామూలుగా చూద్దామన్నా దానికి తెలిసిపోతుంది.

"అమ్మా, దొంగచూపులు వద్దు. వేలు చాపి పైకి చెప్పు" అంది మొన్న శనివారం.

"కళ్ళు సరే. జుట్టు సరే" అన్నాను వేలు చాపి.

"వెనకాల సింకు?"

"సింకు నిండా అంట్లున్నాయి!"

"అది తేడా కాదమ్మా, అది మామూలే" అని పడీపడీ నవ్వింది.